కేపీహెచ్‌బీ నుంచి గచ్చిబౌలి: ఈ-సైకిల్‌కి 48 వోల్టుల బ్యాటరీ ఎక్కించొచ్చా?

కూకట్‌పల్లి_కిరణ్
అందరికీ నమస్తే. ఆఫీసుకి ఈ-సైకిల్ మీదే పోతున్నా. కేపీహెచ్‌బీలో బయల్దేరి జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్ మీదుగా గచ్చిబౌలి. ఒకవైపు సుమారు 12 కిలోమీటర్లు.

బండి వివరాలు: వెనక చక్రంలో 250 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (ఇరుసు చుట్టూ ఉండేది), 36 వోల్టుల 7.8 ఆంప్ అవర్ బ్యాటరీ, రెండు చక్రాలకీ 160 మిల్లీమీటర్ల డిస్కులు (కేబుల్‌వి), 26 అంగుళాల టైర్లు. మార్చుకునే గేర్లు లేవు. ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్ 18 పళ్లు. కొని రెండేళ్లు దాటింది.

బాధలు: వేగం 20 దాటితే కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి గానీ ఒరిగేదేమీ ఉండదు. సైబర్ టవర్స్ వైపు ఎక్కేటప్పుడు మోటార్ మూలుగుతుంది. సాయంత్రం ఇంటికి చేరకముందే బ్యాటరీ చివరి గీతకి వచ్చేస్తోంది.

48 వోల్టుల బ్యాటరీని, మోటార్‌కి కరెంటు వదిలే పాత కంట్రోలర్‌కే తగిలిస్తే 35 పోతుందని ఒక వీడియోలో చూశా. ఎవరైనా చేశారా? ఎంతవుతుంది?

స్పీడ్_సుబ్బు
నేను చేశా బ్రో. 48 వోల్టులు, 500 వాట్ల మోటార్, కొత్త కంట్రోలర్. 38 కొడుతుంది. ఎత్తు అనేదే తెలీదు. పాత కంట్రోలర్ మాత్రం ఉంచకు, మొత్తం కిట్ తీసుకో. కుమ్మేయ్.

పెడల్_పంతులు
కిరణ్ గారూ, సుబ్బు చెప్పిన దాంట్లో "పాత కంట్రోలర్ ఉంచకు" అన్న ముక్క వరకు నిజం. ఎందుకో చెబుతాను.

48 వోల్టుల బ్యాటరీ అంటే వరసగా పదమూడు సెల్లు (లేదా సెల్ల గుంపులు). నిండుగా ఛార్జ్ అయితే ఒక్కోటి 4.2, మొత్తం 54.6 వోల్టులు. మీ 36 వోల్టులది వరసలో పది, నిండితే 42. ఇప్పుడు కంట్రోలర్ డబ్బా విప్పి లోపల పెద్ద కెపాసిటర్ మీద ఏం రాసుందో చూడండి. 36 వోల్టుల వాటిలో కొన్నిటి మీద 50 అనే ఉంటుంది. 50 వోల్టుల కెపాసిటర్‌కి 54.6 ఇస్తే అది ఉబ్బుతుంది, లేదా పేలుతుంది. అదృష్టం బాగుండి 63 వోల్టులది ఉంటే ఆ గండం తప్పుతుంది గానీ ఇంకోటి ఉంది. మీ కంట్రోలర్ 31 వోల్టుల దగ్గర "ఇక చాలు" అని ఆగేలా తయారైంది. పదమూడు సెల్ల ప్యాక్ 31కి దిగిందంటే సెల్లుకి 2.4 కూడా లేదు. అంతదాకా పోకుండా బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్లని కాపాడే సర్క్యూట్) ఆపేస్తుంది, అదీ నడిరోడ్డు మీద, టక్కున, చెప్పాపెట్టకుండా. డిస్‌ప్లేలో గీతలు అప్పటికీ నిండుగానే కనబడతాయి.

అసలు విషయం. మోటార్‌లో వోల్టేజీ వేగాన్ని ఇస్తుంది, కరెంటు బలాన్ని ఇస్తుంది. ఎత్తు ఎక్కడానికి కావలసింది బలం. మీరూ బండీ కలిపి 100 కిలోలు అనుకుందాం. నూటికి ఐదు ఎత్తులో గంటకు 15 కిలోమీటర్లతో ఎక్కాలంటే చక్రం దగ్గర దాదాపు 260 వాట్లు కావాలి. మామూలు మనిషి తొక్కుడు 80 నుంచి 100. మిగతాది మీ మోటార్ ఇవ్వగలదు. ఇవ్వడం లేదంటే బ్యాటరీని అనుమానించండి. పాతబడిన సెల్లులో అంతర్నిరోధం పెరుగుతుంది. కరెంటు గట్టిగా లాగగానే వోల్టేజీ జారిపోతుంది. మూలుగు అదే, ఇంటికి రాకముందే చివరి గీత కూడా అదే.

హన్మకొండ_మెకానిక్
మాస్టారు మంచిగ చెప్పిండు. నేను ఒక్కటే అంట. అన్నా, ముందుగాల గా 18 పండ్ల ఫ్రీవీల్ పీకేసి 16ది ఎక్కించు. మూడు వందలో నాలుగు వందలో అయితది. కాళ్లు ఊరికే తిరుగుడు బంద్. దీనికి 48 వోల్టు ఎందుకు?

పెడల్_పంతులు
ఇది నాకు తట్టనే లేదు. లెక్క వేశాను. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు 2.07 మీటర్లు. 44కి 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకి సుమారు 5 మీటర్లు. 25 వేగానికి నిమిషానికి 82 చుట్లు తొక్కాలి. ఫార్మల్ ప్యాంటులో ఆఫీసుకు పోయేవాడు అంత తొక్కడు, 60, 65 తొక్కుతాడు. అందుకే 20 దగ్గరే "ఒరిగేదేమీ లేదు" అనిపిస్తోంది. 16 వేస్తే అదే 25కి 73 చుట్లు చాలు.

బయల్దేరేటప్పుడు కొంచెం బరువనిపిస్తుంది. మోటార్ ఉన్నది అందుకే కదా.

శ్రావణి_సైకిల్
కిరణ్ గారూ, నేను మియాపూర్ నుంచి కొండాపూర్ వెళ్తాను, మీకు పొరుగు దారే. వేగం సంగతి తర్వాత, ఆ కేబుల్ డిస్కుల ప్యాడ్లు ఎప్పుడు మార్చారు? కొత్త మోటార్ మాట ఇక్కడ అందరూ మాట్లాడతారు, బ్రేకుల మాట ఎవరూ ఎత్తరు. 25 నుంచి 35కి పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది.

నేను చేయించుకున్నవి చెబుతా. ముందు బ్రేకు హైడ్రాలిక్‌కి మార్చి 180 డిస్కు వేయించా, దానికి అడాప్టర్ కావాలి, ఫోర్కు తట్టుకుంటుందో లేదో ముందే అడగాలి. వెనకది కేబులే ఉంచేశా. లివర్ మార్చేటప్పుడు మోటార్ కట్టయ్యే సెన్సర్ కొత్త లివర్‌కి ఉందో లేదో చూసుకోండి, చాలామంది షాపువాళ్లు "అదేం అవసరం లేదు మేడం" అని వైరు వదిలేస్తారు. బ్రేకు పట్టినా మోటార్ తోస్తూనే ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చున్నీ వేసుకునేవాళ్ల కోసం: వెనక చక్రానికి రెండు వైపులా జాలీ కట్టించుకోండి. పాతకాలం లేడీస్ సైకిళ్లకి ఉండేదే. ఏ ఈ-సైకిల్ కంపెనీకీ ఇది గుర్తుండదు. లంచ్ బాక్సు, ల్యాప్‌టాప్ వీపు మీద మోయకుండా వెనక క్యారియర్‌కి పక్క సంచులు తగిలిస్తే చెమట సగం తగ్గుతుంది.

స్పీడ్_సుబ్బు
> ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపు

అక్కా, నేను బ్రేకులు మార్చకుండా పెంచలేదు. రెండూ హైడ్రాలిక్కే. నా వాదన ఒక్కటే: మైండ్‌స్పేస్ దగ్గర 25తో పోతుంటే బస్సులు, క్యాబులు ఒంటి మీద నుంచి పోతాయి. ట్రాఫిక్ వేగంతో కలిసి పోతేనే సేఫ్. ఇది కూర్చుని లెక్కలు వేసేవాళ్లకి అర్థం కాదు.

పెడల్_పంతులు
ఆ భయం నిజమే సుబ్బూ, కొట్టిపారేయను. ఫ్లైఓవర్ మీద అయితే నీ మాటే కరెక్టు. కానీ 38తో పోయే బండికి సైకిల్ చువ్వలు, సైకిల్ ఫోర్కు, సైకిల్ హెల్మెట్ సరిపోవు. ఆ వేగమే కావాలంటే రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోవడం మేలు, కిట్ ఖర్చూ కొత్త బ్యాటరీ ఖర్చూ కలిపితే సెకండ్ హ్యాండ్‌ది దగ్గరికే వస్తుంది.

12 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా 25తో పోతే 29 నిమిషాలు, 35తో పోతే 21. తేడా 8. అందులో సిగ్నళ్లు ఎంత తినేస్తాయో ఆ దారిన పోయేవాళ్లకి నేను చెప్పాలా?

నిర్వాహకుడు
చట్టం సంగతి ఒకసారి రాసేస్తున్నా, మళ్లీ మళ్లీ అడగకుండా.

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2(యు) ప్రకారం, మోటార్ ముప్పై నిమిషాల పవర్ 0.25 కిలోవాట్ కంటే తక్కువ, వేగం 25 లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకుండా, సరైన బ్రేకులతో, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్‌తో ఉంటే అది మోటారు వాహనం కాదు. తొక్కే సాయంతో నడిచే సైకిల్ అయితే 25 దగ్గరికి వచ్చేసరికి, లేదా తొక్కడం ఆపగానే, మోటార్ ఆగిపోవాలి. లైసెన్సు, నంబర్ ప్లేటు అక్కర్లేదు. ఈ గీత దాటితే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేదు. ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మీ జేబులోంచే.

వేగం లాక్ తీసే కోడ్‌లు ఇక్కడ రాయొద్దు. రాస్తే తీసేస్తాం.

హన్మకొండ_మెకానిక్
సుబ్బు తమ్ముడూ, టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుంట పట్టే పట్టీ) ఏసినవా? అది అడుగు ముందు. 500 వాట్ల మోటార్ ఇరుసును తిప్పుతది. అల్యూమినియం ఫ్రేముకు ఇరుసు కూసునే గాడి మెత్తగుంటది. నట్టు జర లూజైతే ఇరుసు గాడిలనే తిరిగి వైర్లు మెలికపడి తెగుతయి, చక్రం బయటికొస్తది. అట్ల వచ్చిన బండ్లు మా దగ్గర చూసినం. స్టీలు టార్క్ ఆర్మ్ రెండు దిక్కులా ఉండాలె.

కిరణ్ అన్నా, నీది 250 గనుక పంటి వాషర్ చాలు. ఫ్రీవీల్ మార్చినప్పుడు చక్రం విప్పుతవు గద, వాషర్ పన్ను గాడిలనే కూసుందా లేదా చూస్కో. చువ్వలు గూడ ఒకపారి బిగించి బెండు తీపియ్యి. హబ్ మోటార్ బరువుకు వెనక చువ్వలు లూజైతనే ఉంటయి.

స్పీడ్_సుబ్బు
వేశా అన్నా, రెండు పక్కలా ఉంది. అంత పిచ్చోడిని కాదు 😄

విశాఖ_గాలి
మాది విశాఖండి, ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం. ఎత్తుల సంగతి మాకు చెప్పక్కర్లేదు. గేర్డ్ హబ్ మోటార్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోయేంత నెమ్మదిగా లాగించకండి. నెమ్మదిగా తిరుగుతూ కరెంటు ఎక్కువ లాగితే అదంతా వేడే అవుతుంది. లోపల నైలాన్ గేర్లుంటాయి, వేడికి మెత్తబడి పళ్లు అరుగుతాయి. ఎత్తు మొదలయ్యేలోపే వేగం అందుకుని, మీరూ తొక్కాలి. ఎత్తుల కోసమే కొత్త బండి కొనేవాళ్లయితే మిడ్ డ్రైవ్ (పెడళ్ల దగ్గర మోటార్ ఉండేది) చూడండి. అది చైన్ గేర్ల ద్వారా లాగుతుంది కాబట్టి అదే 250తో చక్కగా ఎక్కుతుంది. చైన్ మాత్రం త్వరగా అరుగుతుంది.

ఇంకోటి, వాన. హైటెక్ సిటీ రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే అందులోంచి పోనివ్వకండి. ఇరుసు మునిగితే వైరు దూరే కంతలోంచి హబ్ లోపలికి నీరు పోతుంది. మోటార్ వైరు ఇరుసు దగ్గర కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, వైరు వెంట జారిన చినుకు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కనెక్టర్లలో తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టండి. మా ఉప్పుగాలికి ఆర్నెల్లకోసారి పచ్చగా తుప్పు పడుతుందండి, మీకు అంత అక్కర్లేదేమో.

కూకట్‌పల్లి_కిరణ్
అబ్బా, ఇన్ని సమాధానాలా! థ్యాంక్స్ అందరికీ.

మాస్టారు చెప్పాక బ్యాటరీ విప్పించి మల్టీమీటర్ పెట్టాం (ఆఫీసులో హార్డ్‌వేర్ టీం మిత్రుడు చేశాడు). నిండా ఛార్జ్ చేశాక పది గ్రూపుల్లో (పక్కపక్కనే కలిపిన సెల్ల గుంపుల్లో) తొమ్మిది 4.15 అటూఇటూ ఉన్నాయి. ఒకటి 3.82. దీనర్థం?

పెడల్_పంతులు
దొంగ దొరికాడు. గ్రూపుల మధ్య తేడా 0.05 దాకా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మీది 0.33. ఆ గ్రూపు ముందే ఖాళీ అవుతుంది, బీఎంఎస్ దాన్ని చూసి మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది. మిగతా తొమ్మిదింట్లో ఛార్జ్ ఉన్నా మీకు అందదు.

ఛార్జర్ మీద పచ్చలైటు వచ్చాక కూడా కొన్ని గంటలు, మీరు ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు, ఉంచి చూడండి. చాలా బీఎంఎస్‌లు చివర్లోనే గ్రూపుల్ని సమం చేస్తాయి. 3.82 పైకి కదిలితే సరే. కదలకపోతే, లేదా ఛార్జర్ తీశాక అదే మళ్లీ జారిపోతే, అందులో సెల్లు పోయినట్టే. ఆ ఒక్క గ్రూపులో కొత్త సెల్లు అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాతవాటి పక్కన కొత్తవి ఒకేలా పనిచేయవు.

బెజవాడ_ఎండ
మాది బెజవాడ. ఎండాకాలం సంగతి ఎవరూ రాయలేదేంటి? లిథియం అయాన్ సెల్లు 45 డిగ్రీల పైన ఛార్జింగ్ చేయకూడదు. మేలో బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఎండలో పెట్టి సాయంత్రం ఇంటికొచ్చి వెంటనే ప్లగ్గు పెడితే సెల్లు లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫ్యాను కింద ఒక గంట ఉంచి అప్పుడు పెట్టండి. సెలవులకి ఊరెళ్తుంటే నిండుగా ఉంచకుండా సగంలో వదిలేయండి.

కూకట్‌పల్లి_కిరణ్
సమం చేసి చూశా. 3.82 కాస్తా 3.9 అయింది, మర్నాడు పొద్దున మళ్లీ 3.8. అంటే కొత్త ప్యాక్ తప్పదు.

కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే ఒకాయన అదే డబ్బాలో 14.5 ఆంప్ అవర్ కట్టిస్తా అన్నాడు. కంపెనీ వాళ్లయితే అదే 7.8 ఇస్తారు, ధర ఎక్కువ, కానీ వారంటీ ఉంది. ఎటు పోవాలి?

హన్మకొండ_మెకానిక్
అదే డబ్బాల 14.5 పడతదా? 7.8 అంటే పది మూళ్లు ముప్పై, 30 సెల్లు. 14.5 అంటే 50 సెల్లు. కొలిచినవా అన్నా?

పెడల్_పంతులు
సరిగ్గా పట్టుకున్నాడు. ఇప్పుడున్నవి 2.6 ఆంప్ అవర్ సెల్లు, గ్రూపుకి మూడేసి. 2.9వి ఐదేసి వేస్తే 14.5. సెల్లు 30 నుంచి 50కి పెరుగుతాయి. 18650 సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. 30 సెల్ల డబ్బాలోనే 50 పట్టాయంటే ఇన్సులేషన్ ఎగ్గొట్టినట్టే. అదే డబ్బా ఉంచుకోవాలంటే 3.5 ఆంప్ అవర్ మంచి సెల్లతో 10.5 వస్తుంది. 36 వోల్టుల లెక్కన సుమారు 380 వాట్ అవర్. కొంచెం తొక్కుతూ పోతే కిలోమీటరుకి 10 నుంచి 15 వాట్ అవర్ ఖర్చవుతుంది. మీకు రానూపోనూ 24. మొత్తం తక్కువలో తక్కువ 240, ఎక్కువలో ఎక్కువ 360. సరిపోతుంది. ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే 7.8 కూడా చాలు.

విడిగా కట్టించుకోదలిస్తే ఆయన్ని ఇవి అడగండి: సెల్లు ఏ కంపెనీవి, కొత్తవా ల్యాప్‌టాప్‌లలోంచి తీసినవా, స్పాట్ వెల్డింగా టంకమా (టంకం అయితే లేచి వచ్చేయండి), పట్టీ స్వచ్ఛమైన నికెలా, నికెల్ పూత వేసిన ఇనుమా. అయస్కాంతంతో తేలదు, రెండూ అంటుకుంటాయి. ముక్కని గీరి ఉప్పునీళ్లలో రెండు రోజులు ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది. సెల్లు పాజిటివ్ వైపు కాగితపు వాషర్లు ఉండాలి. బీఎంఎస్ మీ కంట్రోలర్ లాగే కరెంటు కంటే ఎక్కువకి ఉండాలి. 15 ఆంపుల కంట్రోలర్‌కి 20 ఆంపుల బీఎంఎస్. వీటికి నవ్వుతూ జవాబు చెప్పి, ప్యాక్ మూసేముందు చూపిస్తానన్నవాడి దగ్గరే చేయించండి. విసుక్కుంటే కంపెనీదే కొనండి.

జెర్సీసిటీ_తెలుగు
పక్కన న్యూయార్క్ నగరంలో డెలివరీ కుర్రాళ్ల ఈ-బైక్ బ్యాటరీలతో అపార్ట్‌మెంట్లు తగలబడ్డాక, 2023 సెప్టెంబర్ నుంచి యూఎల్ (అమెరికా భద్రతా పరీక్షల సంస్థ) 2849 ధ్రువీకరణ లేని ఈ-బైకులు అమ్మకూడదని చట్టం తెచ్చారు. బ్యాటరీకి విడిగా యూఎల్ 2271. ఇక్కడి మా బిల్డింగులో ఆ ముద్ర లేనిది లిఫ్టులోకే రానివ్వరు. ఇండియాలో దొరికే వాటిలో ఆ ముద్ర ఉన్నది కనిపిస్తే నేనైతే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి అదే కొంటా.

శ్రావణి_సైకిల్
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెల్లార్‌లో ఛార్జింగ్ వద్దంది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పైన లాడ్జిలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు కదా, అప్పటినుంచి. వాళ్ల భయం నాకు అర్థమైంది. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంటున్నా. బాల్కనీలో, గచ్చు నేల మీద, పక్కన కర్టెన్లు లేకుండా. గుమ్మం దగ్గర మాత్రం పెట్టను, ఏదైనా అయితే బయటికి పోయే దారి అదొక్కటే. రాత్రంతా వదిలేయను.

కిరణ్ గారూ, కొత్త ప్యాక్ బరువు పెరిగితే మెట్లు ఎక్కడం కూడా లెక్కలో వేసుకోండి. లిఫ్టు ఉందా?

కూకట్‌పల్లి_కిరణ్
లిఫ్టు ఉంది, కరెంటు ఉండాలి అంతే 🙂

కంపెనీ ప్యాక్‌కే వెళ్తున్నా, 7.8దే. ఆఫీసు సెక్యూరిటీ వాళ్లని అడిగితే పార్కింగ్‌లో ఒక ప్లగ్ పాయింట్ ఇచ్చారు. గుజరాతీ గల్లీ ఆయన్ని వెల్డింగ్ చూపించమంటే "మా మీద నమ్మకం లేదా సార్" అన్నాడు. 16 ఫ్రీవీల్ వేయించా, తేడా బాగా తెలుస్తోంది, ఫ్లాట్ రోడ్డు మీద కాళ్లకి పని దొరికింది. చైన్ కొంచెం లూజయింది. ముందు బ్రేకు కూడా శ్రావణి గారు చెప్పినట్టే చేయిస్తున్నా.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఎలా ఉంటుంది? పాత బ్యాటరీ ఏం చేయాలి, కాటాకి వేసేయొచ్చా?

హన్మకొండ_మెకానిక్
చైన్ లూజుంటే ఇరుసు జర ఎనకకు గుంజి బిగియ్యి. గాడిల జాగ లేకుంటే ఒక లింకు తీపియ్యి. గుంజినంక బ్రేక్ డిస్కు క్యాలిపర్‌ల నడుమనే ఉన్నదా చూడు, పక్కకు జరిగి గీసుకుంటది.

స్పీడ్_సుబ్బు
పాతది నాకివ్వు బ్రో, తొమ్మిది గ్రూపులు బాగున్నాయన్నావుగా. నా దానికి పారలెల్‌గా తగిలిస్తా.

పెడల్_పంతులు
సుబ్బూ! నీది పదమూడు సెల్లది, అది పది సెల్లది. పారలెల్‌గా పెట్టాలంటే రెండు ప్యాకుల వోల్టేజీ ఒకటే ఉండాలి, లేకపోతే ఎక్కువున్న దాంట్లోంచి తక్కువున్న దాంట్లోకి కరెంటు వరదలా పోతుంది. వైరు కాలుతుందా సెల్లు కాలుతుందా అన్నదే ప్రశ్న.

శ్రావణి_సైకిల్
ఆ ట్రాక్ బాగుంటుందండి. 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీసు అకాడమీ) వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి. మన ఆఫీసు దారిలో లేదు, ఆదివారం పొద్దున్నే వెళ్లడానికి.

నిర్వాహకుడు
పాత లిథియం ప్యాక్ కాటాకి వేయొద్దు. తుక్కు కొట్టులో సుత్తితో కొట్టి విప్పుతారు, అక్కడే మంట లేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారుదే. కొత్తది అదే కంపెనీ దగ్గర కొంటున్నారు కాబట్టి పాతది తిరిగి తీసుకుంటారా, బిల్లులో ఎంత తగ్గిస్తారు అని కొనేముందే అడగండి. ఇచ్చేదాకా కనెక్టర్‌కి ఇన్సులేషన్ టేప్ చుట్టి, ఇంట్లో కాకుండా నీడపట్టున బయట ఉంచండి.